దాలమ్మ కోళ్లకు పట్టిన దెయ్యం

వింటున్నారా? ఊఁ కొట్టండి మరి, లేకపోతే నాకు నోరు లేవదు. మన ముత్తాతల ముత్తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, సముద్రం పక్క జీడితోటల్లో దాలమ్మ అని ఓ ముసలమ్మ ఉండేది. నా అన్నవాళ్లు లేరు. ఓ పాక, ఓ పుంజు, నాలుగు పెట్టలు. గుడ్లు అమ్ముడుపోతేనే ఆవిడ పొయ్యిలో పిల్లి లేచేది.

ఒక ఎండాకాలం కోళ్లకి మేత కరువైంది. తోటలో చూస్తే, అందరూ జీడిపిక్క తుంచుకుని పండు అవతల పారేస్తున్నారు. దాలమ్మకి ప్రాణం ఉసూరుమంది.

"దేవుడిచ్చింది పారేత్తారేటర్రా!" అంటూ ఆ పళ్లన్నీ ఏరుకొచ్చింది. పిసికి కుండలో దాచి, రోజూ కోళ్లకి అదే పెట్టింది. అవీ ఎగబడి తిన్నాయి.

ఇంకేముంది! మొదట పుంజు మిట్టమధ్యాహ్నం కూసింది. తర్వాత పెట్టలు తూలుతూ ఊరి మీద పడ్డాయి. ఆఖరికి నల్లపెట్ట ఊరిపెద్ద నాయుడి తలపాగా ఎక్కి గుడ్డు పెట్టింది. అదైనా సరైన గుడ్డా? పెంకు లేని తోలుగుడ్డు! పగిలి మీసాల మీదికి జారింది.

"వీటికి దెయ్యం పట్టింది! అన్నిటినీ కోసి పాతరెయ్యండి!" అన్నాడు నాయుడు, మీసం తుడుచుకుంటూ.

దాలమ్మ లబోదిబోమంది. "బాబూ, ఆటిని కోస్తే నన్ను కోసినట్టే. నానేటి తిని బతికీది?"

నాయుడికీ దాలమ్మ గుడ్డు లేనిదే ముద్ద దిగదు. అందుకని కాస్త మెత్తబడ్డాడు. "సరే, ఎజ్జోణ్ణి పిలుద్దాం. దెయ్యం దిగిందా, సరే. దిగలేదా, కత్తే!"

దెయ్యాలు దించే ఎజ్జోడు వేపమండలు పట్టుకుని వచ్చాడు. కోళ్లగంప చుట్టూ తిరిగి ఒకసారి అరిచాడు. దెయ్యం దిగలేదు. రెండోసారి అరిచాడు. దిగలేదు. మూడోసారికి గొంతు పిడచకట్టుకుపోయింది. ఎవర్నీ అడక్కుండా పాక మూలనున్న కుండెత్తి, అందులో ఊరిన రసం గటగటా తాగేశాడు.

కాసేపటికి ఎజ్జోడు తూలాడు. ఇంకాసేపటికి కొక్కొరోకో అన్నాడు. ఆ తర్వాత కోళ్లగంపలోకి దూరి, పొదిగే పెట్టలా కూర్చుని, "నన్ను లేపితే పొడిచేత్తాను!" అన్నాడు.

"దెయ్యం ఎజ్జోడికే పట్టిందిరోయ్!" అని జనం పరుగో పరుగు.

దాలమ్మ మాత్రం కుండ వాసన చూసింది. "ఓలమ్మో! ఇది పులిసి సారా అయిపోనాది! నా బంగారు తల్లులకి నానే తాగించీసినాను!" అని నెత్తి బాదుకుంది.

నాయుడూ వాసన చూశాడు. ఒకసారి చాలదని మూడుసార్లు చూశాడు. కత్తి లోపల పెట్టించాడు.

"ఇకనైనా ఆ పళ్లు పారెయ్యవే" అన్నారందరూ. దాలమ్మ వింటేగా!

"దేవుడిచ్చింది పారేత్తారేటర్రా!" అంది. ఈసారి పళ్లు పిండేసి, పిప్పిని ఆ పూటే ఎండలో వేసింది. గలగలలాడేదాకా ఎండాక తౌడు, సముద్రపు గుల్లల పొడి కలిపి పెట్టింది. పెట్టలు బుద్ధిగా నడిచాయి. రాయిలాంటి పెంకుతో గుడ్లు పెట్టాయి. మొదటి గుడ్డు పట్టుకెళ్లి నాయుడి చేతిలో పెట్టి, "ఇది జారదు బాబూ" అంది.

దాలమ్మ పోయి ఎంత కాలమైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ తోటల్లో జీడిపిప్పి ఎండాక తొలి దోసెడు దాలమ్మ పేరు చెప్పి కోళ్లకి చల్లుతారు. ఎవడైనా తాగి తూలుతూ ఇంటికొచ్చాడా, పెళ్లాం తలుపు తియ్యదు. అరుగు మీద కోళ్లగంప చూపించి, "ఎల్లు, ఎల్లి పొదుగు" అంటుంది.