మంచినీళ్ళ డ్రమ్ము

పేరయ్య గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతిలో స్పానరు పెడతారు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, రేవు ఒడ్డున ఆయనకో రేకుల షెడ్డుంది. పగలు అందులో పడవ మోటార్లు బాగుచేస్తారు, పొద్దువాలాక తత్వం చెబుతారు. రెండింటికీ వచ్చేది ఆ రేవు జనమే కాబట్టి ఎవరు దేనికోసం వచ్చారో ఆయన పెద్దగా పట్టించుకోరు. ఆత్మ అంటే ఏమిటో కనుక్కుందామని వెళ్ళి, గేరు ఆయిలు మార్చడం నేర్చుకుని తిరిగొచ్చిన శిష్యులు ఆ ఊళ్ళో అరడజను మంది ఉన్నారు.

నూకరాజు మాత్రం ఆ లెక్కలోకి రాడు. ఎనిమిదేళ్ళుగా వెనక వరసలో కూర్చుని, అన్నీ అర్థమైనవాడిలా తల ఊపి ఇంటికి పోయేవాడు. అటువంటివాడు ఒక ఉదయం షెడ్డు గుమ్మంలో నిలబడి, తువ్వాలు రెండు చేతులా మెలిపెడుతూ అడిగాడు.

"గురువుగారూ, ప్రేమని మనసులో చెక్కుచెదరకుండా ఉంచుకుంటే చాలదాండీ? వెళ్ళి కనబడే తీరాలా?"

ఎవరిమీద ప్రేమో పేరయ్య గారు అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. పదకొండేళ్ళ కిందట నూకరాజూ అతని అన్న పోతురాజూ ఒకే పడవ మీద వేటకెళ్ళేవారు. అన్న తాడు లాగి మోటారు లేపేవాడు, తమ్ముడు పట్టి నడిపేవాడు. ఒకనాడు వల ఎడమకి వెయ్యాలా కుడికి వెయ్యాలా అని సముద్రం మీద మొదలైన మాట ఒడ్డుకొచ్చేదాకా ఆగలేదు. ఈలోగా చేపలు ఎటూ కాకుండా పోయాయి. "పడవ తిప్పడం రానివాడికి చేప సంగతి ఎందుకురా!" అన్నాడు పోతురాజు, రేవు రేవంతా వింటుండగా. నూకరాజు మారుమాట్లాడకుండా మోటారు ఊడదీసి, భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు పోతురాజు పాయ అవతల, అత్తవారి ఊరికి మారిపోయాడు. పాయ ఎంతని! ఇటునుంచి గట్టిగా తుమ్మితే అటువైపు చిరంజీవ అంటారు. అంత దూరం దాటడానికి ఇద్దరికీ పదకొండేళ్ళు చాల్లేదు. ఇప్పుడు కబురొచ్చింది. పోతురాజుకి కుడి చెయ్యి పడిపోయిందట.

"నీ మోటారు ఎలా ఉంది?" అన్నారు పేరయ్య గారు.

నూకరాజు ముఖం వెలిగింది. "దేవుడిలా చూసుకుంటున్నానండీ."

ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. పేరయ్య గారు వెంట వెళ్ళి చూస్తే, వాళ్ళింట్లో వెనకగదిలో, పీట మీద, మెత్తటి పాతచీర కప్పుకుని మోటారు కొలువై ఉంది. ఏటా దసరాకి దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కొబ్బరికాయ. పదకొండు దసరాల బొట్లు ఒకదానిమీద ఒకటి అట్టలు కట్టి, కంపెనీ పేరు ఎప్పుడో మూసుకుపోయింది.

"నా పెళ్ళినాడు కూడా నాకింత పసుపు రాయలేదండీ గురువుగారూ," అంది నూకరాజు భార్య కాసులమ్మ, గుమ్మానికి ఆనుకుని. "జ్వరమొస్తే నన్ను చూడరు గానీ, వానొస్తే దాన్ని చూస్తారు."

"నువ్వు తుప్పు పట్టవు కదే," అన్నాడు నూకరాజు.

"మీకెలా తెలుసు?" అంది కాసులమ్మ.

మోటారుని షెడ్డుకి మోసుకొచ్చారు. మూత విప్పగానే పేరయ్య గారు వాసన చూసి, పక్కకి జరిగి, శిష్యుణ్ణి కూడా చూడమన్నారు. ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోలు పాతరంగు కంపు కొడుతోంది. కార్బురేటరు విప్పితే లోపలంతా తుమ్మజిగురులా పట్టేసి ఉంది. ప్లగ్గు ఊడి రావడానికే గంట పట్టింది. నీళ్ళ పంపులో రబ్బరు రెక్కలు ఎండిన ఆకుల్లా వంకర తిరిగి అతుక్కుపోయాయి. పైన చూస్తే ఒక్క గీత లేదు.

నూకరాజు ఒక్కొక్క ముక్కే కడిగి తుడుస్తున్నాడు. ఆయన ఏమైనా అంటారేమోనని మధ్యమధ్య తలెత్తి చూస్తున్నాడు. చివరికి పేరయ్య గారు ఒకే ఒక్క మాట అడిగారు.

"ఆ రోజు డ్రమ్ములో తిప్పావా?"

రేవులో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన పని అది. మోటారు పక్కన పెట్టే ముందు బావి దగ్గర మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి కాసేపు తిప్పాలి, లోపలి ఉప్పు పోయేదాకా. తర్వాత పెట్రోలు కట్టేసి, ఉన్నదంతా తాగి దానంతటదే ఆగేదాకా వదిలెయ్యాలి. ఆ రోజు నూకరాజు బావి పక్కనుంచే నడిచి వెళ్ళాడు. కోపంలో ఉన్నవాడికి డ్రమ్ము కనబడుతుందా?

రబ్బరు రెక్కలు మార్చారు, ప్లగ్గు మార్చారు, డ్రమ్ము నింపి మోటారు బిగించారు. అన్న లాగే తాడుని తమ్ముడు లాగాడు. పదిసార్లు లాగాడు, ఇరవైసార్లు లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాక అది ఒకసారి దగ్గి, నల్లగా పొగ వదిలి, బర్రుమని లేచింది. నూకరాజు చిన్నపిల్లాడిలా గెంతాడు. ఇదే మోటారు మీద వెళతాను, ఎంత భద్రంగా దాచానో అన్నయ్య కళ్ళారా చూస్తాడు అన్నాడు. పేరయ్య గారు మాత్రం మోటారు పక్కనున్న చిన్న రంధ్రాన్నే చూస్తున్నారు. లోపల మోటారుని చల్లబరిచిన నీరు అక్కడినుంచి సన్నటి ధారగా బయటికి రావాలి. రాలేదు. నిమిషం చూసి మోటారు ఆపేశారు.

"దారులన్నీ ఉప్పు మూసేసింది. పాయ మధ్యదాకా వెళుతుంది. ఆ తర్వాత కాలిపోతుంది."

నూకరాజు డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. "మరి నేనెలా వెళ్ళనండీ?"

పేరయ్య గారు షెడ్డు మూలకి చూశారు. అక్కడ తెడ్డు ఆనించి ఉంది. పదకొండేళ్ళూ ఎవరింట్లో చూసినా ఉన్న తెడ్డే.

నూకరాజు దాన్ని తీసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పొద్దువాలింది. పడవ కట్టి, షెడ్డులోకొచ్చి, గురువుగారి ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నయ్య నన్నేమీ అనలేదండీ," అన్నాడు. "కూర్చోమన్నాడు. ఎడంచేత్తో మంచినీళ్ళిచ్చాడు. మోటారు చప్పుడు అక్కడికి వినబడిందట. 'ఒరే నూకా, ఆ రోజు నువ్వు డ్రమ్ము దగ్గర ఆగలేదు, నేను చూశాను. ఉప్పు పట్టేస్తుందిరా, ఓసారి తిప్పి పట్టుకెళ్ళు అని కేకేద్దామని నోటిదాకా వచ్చింది' అన్నాడు."

"మరి?"

"వెయ్యలేదండీ." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంక తాడు లాగే చెయ్యి లేదన్నాడు."

తర్వాత అలవాటు కొద్దీ షెడ్డు సర్దడానికి లేచి, డ్రమ్ము ఒంపడానికి వంగాడు.

"ఆ నీళ్ళు పారబొయ్యకు," అన్నారు పేరయ్య గారు. "రేపు మళ్ళీ తిప్పి చూద్దాం."