కాదనమ్మ కొండ మీది డప్పురాయి

తూర్పు కనుమలు దిగివచ్చి మైదానంలో కలిసే చోట, తెల్లగెడ్డ అనే చిన్న ఏరు వంపు తిరిగిన ఒడ్డున, ఏడు పల్లెలకు నడుమ ఒక చిన్న కొండ ఉంది. దాని మీద కొలువైన తల్లి పేరు కాదనమ్మ. బస్సు దిగిన చోటి నుంచి నూటపదహారు మెట్లు ఎక్కితే గుడి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నెమ్మదిగా ఎక్కగలరు, ఎక్కుతున్నారు. పైన గాలిగోపురం లేదు, బంగారు తొడుగులు లేవు. దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకలు అసలే లేవు. ఇవ్వబోయినవారు లేక కాదు, ఏడు పల్లెలవారం మేము వద్దన్నాం కనుక లేవు.

గర్భగుడిలోకి తొంగిచూసిన కొత్తవారు మొదట కొంచెం తెల్లబోతారు. కళ్లూ ముక్కూ ఉన్న విగ్రహం అక్కడ కనిపించదు. చేటంత వెడల్పున, జానెడు మందాన, నేల మీద పడుకోబెట్టిన గుండ్రని నల్లరాయి ఒకటి ఉంటుంది. వంగి చూస్తే అంచు చుట్టూ తోలు లాగి బిగించిన ముడులు కూడా కనిపిస్తాయి. అది డప్పు. అర్చనలైనా, అభిషేకాలైనా ఆ డప్పురాయికే జరుగుతాయి. పొరుగు తాలూకాల వారు మా అమ్మను పొగరుబోతు అమ్మవారని వేళాకోళం చేస్తూ ఉంటారు. మేము దాన్ని పొగడ్తగానే పుచ్చుకుంటాం.

ఈ పేరు, ఈ రూపం ఎలా వచ్చాయో మా పెద్దలు చెప్పగా విన్నది ఇది. పూర్వం ఇక్కడ రాజులెవరూ ఉండేవారు కారు. ఏడు పల్లెల పెద్దలు కొండ మీది చదునులో సంత జరిగే రోజున కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. అక్కడే ఒక బండ నీడన వెలసిన తల్లిని అప్పట్లో గట్టమ్మ అనేవారు. పెద్దలు తీర్మానించిన మాటను డప్పు కొట్టి చాటే బాధ్యత అసిరయ్య ఇంటిది. తాతముత్తాతల నుంచి ఏడు తరాలుగా ఆ ఇంటి మగవారి చేతిలోనే డప్పు ఉండేది. అసిరయ్య గొంతు విప్పితే గెడ్డ అవతలి పశువులు కూడా తలెత్తి చూసేవని చెప్పుకుంటారు. ఆ గొంతు మీద అతనికి కొంచెం గర్వమూ ఉండేది.

ఆ చాటింపుకు ఒక కట్టుబాటు ఉంది. మాట చాటిన తరువాత అసిరయ్య డప్పును నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని, "కాదనేవారు ఉన్నారా?" అని ముమ్మారు అడగాలి. అడిగిన ప్రతిసారీ సన్నని ధార కింద కడవ నిండేంత సేపు ఆగాలి. తీర్పు ఎవరి మీదో వారు తప్ప మిగతావారిలో ఒక్కరు కాదన్నా సరే, ఆ మాట పై సంత దాకా, అంటే మళ్లీ సంత జరిగేదాకా, ఆగిపోవాలి. ఎవరూ అనకపోతేనే డప్పు తీసి ముగింపు దెబ్బ వేయాలి. ఆ దెబ్బ పడేదాకా ఎంతటివారి మాటకైనా విలువ లేదు. ఇంకొక నియమం చాటేవాడికి. అతనికి సొంత మాట ఉండకూడదు. అసిరయ్య ఏనాడైనా తన అభిప్రాయం చెబితే మళ్లీ డప్పు ముట్టుకునే అర్హత పోతుంది. ఈ కట్టుబాటు వల్ల చిన్న చిన్న సంగతులకు కూడా పూటలు గడిచిపోయేవి. జనం విసుక్కునేవారు, అయినా పాటించేవారు.

ఒక ఏడాది ఏనుగుల మంద కొండ దిగి పంటల మీద పడింది. పెద్దలకు దిక్కు తోచలేదు. అప్పుడు వచ్చినవాడు చండరాయుడు. ఉన్న మాట చెప్పాలి, ధైర్యవంతుడే. మిరపకాయల పొగ పెట్టి, కాగడాలు పట్టుకుని, అందరికంటే ముందు తాను నడిచి మందను వెనక్కి తోలాడు. జనం అతన్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. ఆ తరువాత అతను ఆ భుజాల మీది నుంచి దిగనే లేదు.

అతని మాటలో మత్తు ఉండేది. చూసిన ప్రతివాడినీ పేరు పెట్టి పిలిచేవాడు. కూలివాళ్ల ముంతలో అంబలి తాగేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కంటతడి పెట్టేవాడు, అది చూసి ఆడవాళ్లు కూడా ఏడ్చేవారు. మీ కష్టానికి కారణం మీరు కాదు, వాళ్లు అనేవాడు. ఆ వాళ్లెవరన్నది సంతసంతకూ మారుతూ ఉండేది. ఒకసారి పై ఊరి వర్తకులు, ఒకసారి పెద్దలు. ఎవరైతేనేం, తమ తప్పేమీ లేదని వినడం జనానికి హాయిగా ఉండేది.

ఏనుగులు రెండోసారి దిగిన రోజున, కావలికి మనుషులను పిలిచే చాటింపు మధ్యలో, చండరాయుడు అసిరయ్య భుజం మీద చెయ్యి వేశాడు. మంద పొలాల్లో ఉండగా మూడు కడవలు నిండేదాకా ఆగడం ఏమిటని, ఈ ఒక్కసారికి ప్రశ్న విడిచిపెట్టమని మెత్తగా చెప్పాడు. అసిరయ్యకు అది సబబుగానే తోచింది. ప్రశ్న అడగకుండా ముగింపు దెబ్బ వేశాడు. పంట దక్కింది.

పై సంతకు ఏనుగులు లేవు. కానీ ప్రశ్న అడగమని రాయుడూ చెప్పలేదు, అడుగుతానని అసిరయ్యా అనలేదు. నిజం చెప్పాలంటే అతనికి ఆ కొత్త పద్ధతి నచ్చింది. ఎవరి ముఖాలూ చూస్తూ నిలబడే పని లేదు. మాట చాటడం, దెబ్బ వేయడం, వెంటనే చదునంతా హోరెత్తిపోవడం. ఆ హోరు తన గొంతుకే అనుకుని అతను మురిసిపోయేవాడు. రాయుడు అతనికి ఎర్ర తలపాగా కట్టించాడు. నెలలు గడిచేకొద్దీ పెద్దల కొలువు రద్దయింది, ఏడు పల్లెల ధాన్యం ఒకే గాదెలో చేరి తాళం రాయుడి మొలకు ఎక్కింది, ప్రతి చాటింపూ రాయుడి పేరుతోనే మొదలవ్వాలన్న ఆజ్ఞ వచ్చింది. అన్నింటికీ దెబ్బ వేసిన చెయ్యి అసిరయ్యదే.

ఆ ఏడు వానలు వెనకపట్టాయి. గెడ్డ సన్నబడింది. గెడ్డ అవతల మేదరవలసలో నలభై గడపలు ఉండేవి. మూడు తరాల కిందట వరదకు కొంపలు కొట్టుకుపోయి వచ్చి, వెదురు కొట్టుకుని బుట్టలు అల్లుకుని బతుకుతున్నవారు. ఏడు పల్లెల్లో వాళ్ల చేట లేని ఇల్లు లేదు. వెదురు నరికి కొండకు శోష తెచ్చింది వాళ్లేనని, వాళ్లు పోతే గాని వాన పడదని చండరాయుడు చెప్పాడు. పై సంతలో చాటవలసిన మాట కూడా చెప్పాడు. మేదరవలస మొత్తం మర్నాటి పొద్దుకు సీమ దాటాలి, నీడ ఇచ్చినవాళ్లు కూడా వాళ్ల వెంటే పోవాలి.

సంతకు ముందు రోజు మధ్యాహ్నం అసిరయ్య డప్పుకు ఎండ చూపించడానికి కొండ ఎక్కాడు. మేదరవలసలో ముసలివాళ్లున్నారు, నెలలు నిండిన పైడమ్మ ఉంది. వాళ్లంతా ఎక్కడికి పోతారన్న ఆలోచన రెండు రోజులుగా అతనికి తిండి సహించనివ్వలేదు. గట్టమ్మ బండ నీడన నడుం వాల్చాడు. కన్ను అంటుకుంది. కలలో ఒక ముసలమ్మ ఆకుకూరల గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ అతని ఎదుట కూర్చుంది.

"ఏరా అసిరిగా, నా వొంతేదిరా?" అని అడిగింది.

అన్నం అడుగుతోందనుకుని అతను మూట విప్పబోయాడు.

"కూడు కాదురా. సంతకోపాలి నన్నడిగీవోడివి కదా, కాదనీవోళ్లున్నారా అని. తొమ్మిది నెల్లయింది, ఎవులూ అడగలేదు. నానేటి సచ్చిపోనానా?"

అసిరయ్యకు అప్పుడు ఆమె ఎవరో తెలిసింది. చేతులు జోడించి, ఆ ప్రశ్న మనుషుల కోసమే అనుకున్నానని విన్నవించుకున్నాడు.

"మనుసులు బయపడి ఊరుకున్నప్పుడు నానే కదరా సెప్పాల. నువ్వడగందే నానెలాగ సెప్పీది? రేపు అడుగు. ఎంత సేపైనా ఆగు."

మెలకువ వచ్చి చూస్తే, అంత ఎండలో ఉన్న డప్పు తోలు చల్లగా ఉందట.

మర్నాడు చదునంతా జనంతో నిండిపోయింది. ఎత్తైన మంచె మీద చండరాయుడు, దూరంగా ఒక ఓరన మేదరవలస వాళ్లు. తీర్పు ఎవరి మీదో వారు కాదనడానికి వీల్లేదు కనుక వాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. అసిరయ్య మాట చాటాడు. ముగింపు దెబ్బకు రాయుడి కావలివాళ్లు ఈలలు వేయబోతుండగా అతను డప్పు దించి నేల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. కాదనేవారు ఉన్నారా అని అడిగాడు.

పాత అలవాటు కాబోలని రాయుడు నవ్వాడు. కడవ నిండేంత సేపు గడిచింది. రెండోసారి అడిగేసరికి ఆ నవ్వు పోయింది. మూడోసారి అడిగాక అసిరయ్య ఒక కడవ కాదు, మూడు కడవలు నిండేంత సేపు నిలబడ్డాడు. ఎవరూ పలకలేదు. అందరూ కాళ్ల వంకే చూసుకుంటున్నారు. అతను బండ వైపు చూశాడు. తల్లి కూడా పలకలేదు. అడగమన్న తల్లే మౌనంగా ఉండిపోయిందేమని అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ దుఃఖం గొంతుకు అడ్డుపడినప్పుడు తెలిసింది, తల్లి చెప్పవలసిన మాట ఎక్కడ ఉందో.

ఏడు తరాల వృత్తి ఒక్క మాటతో పోతుందని అతనికి తెలుసు. తలపాగా తీసి డప్పు పక్కన పెట్టాడు. నడిచివెళ్లి జనంలో ఒకడిగా నిలబడి, మంచె వైపు తిరిగాడు.

"నాను కాదంతన్నాను," అన్నాడు.

పశువులు తలెత్తి చూసే ఆ గొంతు ఆ రోజున ముందు వరుసకు తప్ప వినిపించలేదు. ఏమన్నాడని వెనకవాళ్లు అడిగారు. ముందువాళ్లు వెనక్కి తిరిగి చెప్పవలసి వచ్చింది. వాళ్లు తమ వెనకవాళ్లకు చెప్పారు. తొమ్మిది నెలలుగా ఆ నేల మీద ఎవరి నోటా రాని మాట అలా నోటినోటికీ నడిచింది. ఇంకొకరి మాటగా మొదలైనది చివరి వరుసకు చేరేసరికి ఎవరికి వారి మాటే అయింది.

చండరాయుడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏనుగులను గుర్తుచేశాడు, అంబలిని గుర్తుచేశాడు, కంటతడి కూడా పెట్టాడు. హోరు లేవవలసిన చోటల్లా ఆగి చూశాడు. చప్పుడు లేదు. చివరికి ముగింపు దెబ్బ తానే వేయిస్తానని కావలివాడిని పంపాడు. వాడు కర్రతో డప్పు మీద కొట్టాడు. రాతి మీద కొట్టినట్టు టక్కుమంది. ఎత్తబోతే కదల్లేదు. తోలు చెమ్మగిల్లి ఉంటుందని ఈ మధ్య చదువుకున్నవారు కొందరు అంటున్నారు. వారితో మాకు తగువు లేదు, వచ్చి ఎత్తి చూడవచ్చు.

జనం ఎవరూ రాయుడి మీద చెయ్యి చేసుకోలేదు. ఉన్న చోటే కూర్చున్నారు. కూర్చున్నవారి మధ్య నుంచి అతను దిగి, కనుమ దారి పట్టి వెళ్లిపోయాడు. వేరొక సీమలో దొర అయ్యాడంటారు. ఆ కథ ఆ సీమవారు రాసుకోవాలి.

వాన వెంటనే పడలేదు. నెల తరువాత పడింది. మేదరవలస అప్పటికీ అక్కడే ఉంది, ఇప్పటికీ అక్కడే ఉంది. పై సంతలో అసిరయ్య, మొదట ప్రశ్న ఆపినవాడు తానేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. డప్పు పోయిన అతనికి పైడమ్మ మామ వెదురు పని నేర్పాడు. చెయ్యి తిరగనే లేదు. అతను అల్లిన బుట్టలో గింజలు నిలిచేవి కావట, అయినా ఏడు పల్లెలవారూ అడిగి మరీ కొనుక్కునేవారు. వదులుగా ఉన్న బుట్టను మా వైపు నేటికీ అసిరి బుట్ట అంటాం.

నాటి నుంచి గట్టమ్మ కాదనమ్మ అయింది. వైశాఖంలో మూడో మంగళవారం జాతర. ఆ రోజు గుడి ముందు ఇత్తడి కడవ పెట్టి, ఏడాదికి సరిపడా తీర్మానాలు చదివి, ముమ్మారు ప్రశ్న అడుగుతారు. మొదట పలికే హక్కు మేదరవలసది. నలుగురిలో నోరు పెగలనివారు, సాక్ష్యం చెప్పవలసినవారు, ఇష్టం లేని సంబంధానికి తలవంచలేనివారు డప్పురాయిని తాకి, ఎవరికో చెప్పలేకపోయిన మాటను ఇక్కడ ఒకసారి పైకి చెప్పి వెళతారు. ఇంటికి వెళ్లాక మళ్లీ చెప్పే బలం తల్లి ఇస్తుంది.

ఎన్నికల కాలంలో అన్ని పార్టీలవారూ వస్తారు. మైకులు మెట్ల కిందే వదలాలి, నేల మీద కూర్చుని మాట్లాడాలి, ఆ తరువాత కడవ నిండుతుంది. మొన్నటిసారి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. మంచి వక్త. అనుచరుల జేజేలతో కొండ దద్దరిల్లింది. రెండు కడవలు నిండాయి, ఎవరూ పలకలేదు. మూడోది అంచుకు వస్తుండగా బడిలో మధ్యాహ్న భోజనం వండే తవిటమ్మ లేచి నిలబడింది.

"మా బతుకులు ఇలాగుండడానికి గెడ్డవతల ఊరోళ్లే కారణమన్నావు బాబూ. అది మా కన్నోరి ఊరు. నాను కాదంతన్నాను," అంది.

ఆమె చెప్పవలసిందంతా చెప్పేదాకా నాయకుడు ఆచారం ప్రకారం చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన గెలిచాడా ఓడాడా అన్నది ఈ గుడి పుస్తకంలో రాసే విషయం కాదు. మర్నాడు తవిటమ్మ ఎప్పటిలాగే బడికి వెళ్లి, నూటనలభై మంది పిల్లలకు అన్నం వండి పెట్టింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కాదనమ్మ మహిమ ఏమిటని అడిగే భక్తులకు మేము ముందుగా చెప్పేది ఈ సంగతే.