కిటికీ పక్క సీటు

సుభాషిణి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడు ఆ రోజంతా ఆమె వెంట తిరగాల్సిందే. బరువు తక్కువగా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలకు ప్రోగ్రాం రాయడం ఆమె దగ్గర నేర్చుకుంటున్న మస్తాన్‌వలికి ఈ సంగతి తెలుసు. అయినా ఆ ఉదయం ఆగలేక అడిగేశాడు.

"మేడం, నర్సు పెట్టిన వేడి అంకె మెమరీలో ఫలానా అడ్రసులోనే ఉండాలని నా చేత్తో రాశాను. ఆ చోట్లోకి ఇంకోటి ఎట్టా వచ్చింది?"

పెట్టెను మొదలుపెట్టే ప్రోగ్రాం వేరు, నడిపేది వేరు. రెండూ ఆ వేడిని ఒకేచోట చూసుకోవాలి గనుక ఆ అడ్రసు కదలకూడదు. మిగతావాటికి ఖాళీ చూసి చోటు పంచేది లింకరు అనే ఇంకో ప్రోగ్రాం. కిందటి వారం వలి అలారం ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టే అంకె ఒకటి చేర్చాడు. అది పోయి సరిగ్గా వేడి ఉన్నచోటే కూర్చుంది. ఒక ఊరి ఆస్పత్రిలో అలారం ఒకసారి మోగింది, వేడి కాస్తా ఒక డిగ్రీ అయి కూర్చుంది. చల్లబడిన పెట్టెలోంచి నర్సు పసిగుడ్డును చటుక్కున ఎత్తుకుని గుండెకు హత్తుకుంది కాబట్టి సరిపోయింది. ఆ మాట విన్నప్పటినుంచి వలికి ముద్ద దిగలేదు. ఈ పని మానేస్తానన్నాడు కూడా. పాపం, ఇరవై మూడేళ్లవాడు.

"పద, ముందు పెట్టె సంగతి చూద్దాం," అన్నారావిడ.

ఆ ఊరి బస్సు కోసం వెళితే ఒంగోలు బస్టాండు కిక్కిరిసి ఉంది. మేడంకు మోకాళ్ల నొప్పులని వలి పరుగెత్తి కిటికీలోంచి కర్చీఫ్ వేశాడు. తీరా ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒక బాలింత, ఒళ్లో బిడ్డ. కర్చీఫ్ మడతపెట్టి పక్కన ఉంచింది.

"నేను ముందే కర్చీఫ్ వేశాను గదమ్మా!"

"నాకు కండక్టరే ఈ నంబరు ఇచ్చాడన్నా," అంటూ ఆమె టికెట్ చూపించింది.

"నా కాగితంలో ఆ సీటు ఖాళీయే. నాతో ఒక్కమాట చెప్పాల్సింది బాబూ," అన్నాడు కండక్టరు.

వలి కర్చీఫ్ చేతిలోకి తీసుకున్నాడు. మేడం రాడ్ పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. వలికి ప్రాణం చివుక్కుమంది.

"నిలబడతాలే," అన్నారావిడ. "మన పనిలో నేనూ మూడేళ్లు కర్చీఫులే వేశాను."

ఆస్పత్రిలో వలి తన ప్రోగ్రాం జోలికి పోలేదు. లింకరు చదువుకునే ఫైలు తెరిచి, ఈ చోటు ఎవరికీ ఇవ్వొద్దని రాశాడు. అలారం పదిసార్లు మోగించి చూశాడు. వేడి కదల్లేదు.

బయటికొచ్చాక గొణిగాడు. "మేడం, మానేస్తానన్నాను గదా..."

"బస్సు వేళయింది. ఆ కర్చీఫ్ జేబులో పెట్టుకుని, ముందు కండక్టరు దగ్గరికి పో."