చుక్క కారని అర్ధచంద్రం కిటికీ

సన్యాసప్పడి ఇంట్లో తెలివి ఎక్కువై చూరులోంచి కారిపోతుందని వాళ్ళే చెప్పుకునేవారు. ఊళ్ళో ఎవరూ కాదనేవారు కాదు. కాదంటే కూర్చోబెట్టి వివరిస్తారని భయం.

ఓ ఏడు తొలకరికి ముందు సన్యాసప్పడు, పడగొట్టేస్తున్న పాత బంగళా నుంచి అర్ధచంద్రంలా ఉన్న కిటికీ ఒకటి మోసుకొచ్చాడు. విత్తనాల గదికి పెట్టించాలని అతని సరదా. ఆ గదిలోనే అతని పెళ్ళాం పైడమ్మ విత్తనానికి దాచిన వేరుశనగ కాయలున్నాయి. అవి తడిస్తే ఆ ఏడు చేను బీడే. వడ్రంగి వచ్చి కిటికీ నిలబెట్టి, సందులన్నీ సున్నంతో పూడ్చమనీ, ఆనక బయటినుంచి నీళ్ళు కొట్టి చూడమనీ, లోపలికి ఒక్క చుక్క రాకూడదనీ చెప్పి వెళ్ళాడు.

సన్యాసప్పడూ, తమ్ముడు గవరయ్యా సందులు శ్రద్ధగానే పూడ్చారు. పరీక్షకి పైడమ్మ లోపల నిలబడింది. రెక్కలు మూసేస్తే నీళ్ళొచ్చేదీ రానిదీ ఎలా కనబడుతుందని గవరయ్య వాటిని బార్లా తెరిచాడు. సన్యాసప్పడు బిందెడు నీళ్ళు విసిరికొట్టాడు. ఇంకేముంది, పైడమ్మ నిలువునా తడిసింది.

"ఎక్కడ కారతందే?" అని అడిగాడు సన్యాసప్పడు.

"నడిమజ్జన," అంది పైడమ్మ, మొహం తుడుచుకుంటూ.

గవరయ్య తొంగి చూశాడు. నిజమే, అన్నిటికన్నా పెద్ద సందు అక్కడే ఉంది. చెయ్యే కాదు, తలకాయ కూడా దూరిపోతోంది. ఇంత సందు వదిలేసిన వడ్రంగిని నాలుగు తిట్టి, రెక్కలు ఊడదీసి, ఇటుకలు పేర్చి సున్నం మెత్తేశారు. మళ్ళీ నీళ్ళు కొట్టారు. చుక్క రాలేదు. అంతే, సన్యాసప్పడి ఛాతీ పొంగిపోయింది. మిగిలిన సున్నం పారేయడమెందుకని ఆ గది గడప కింద సందు కూడా పూడ్చేశాడు.

తీరా చూస్తే గదిలో చీకటి. వెలుగు లేకపోతే కాయలకు బూజు పడుతుందని పైడమ్మ ఒకటే గోల. వెలుగిచ్చేది సూర్యుడు, సూర్యుడుండేది నెత్తిమీద కదా అన్నాడు గవరయ్య. ఆ మాటకు అన్న మురిసిపోయి, వెలుగు సరిగ్గా కాయల కుప్ప మీదే పడేలా ఇంటిమీది పెంకులు తీయించాడు.

మర్నాడే వాన దంచికొట్టింది. ఇంకేముంది, గదిలో గడప ఎత్తున నీళ్ళు నిలిచి, కాయలన్నీ తేలాయి. చేను బీడు పడిపోయిందని పైడమ్మ బావురుమంది. సన్యాసప్పడికీ గుండె గుభేలుమంది, అంత కష్టపడి పూడ్చిన కిటికీ దెబ్బతినలేదు కదా అని. తమ్ముణ్ణి బయటికి పరిగెత్తించి, కిటికీ దగ్గర కారుతోందేమో చూడమన్నాడు.

"లోపల్నించి ఒక్క సుక్క కూడా బయటికి రాట్లేదన్నియ్యా," అని కేకేశాడు గవరయ్య.

సన్యాసప్పడు హమ్మయ్య అనుకున్నాడు. తేలుతున్న కాయల్ని కాళ్ళతో తోసుకుంటూ వెళ్ళి, కిటికీ ఉండాల్సిన గోడను ముద్దుగా తట్టాడు.

"ఏడవకే పైడీ. మన కిటికీకేటీ అవ్వలేదు."