కిక్కిస నిలబెట్టిన ఇల్లు

పెద్ద సరస్సు మధ్యలోని ఒక లంకలో, పడవను సొంత గుమ్మం ముందే కట్టుకోవాలని పంతం పట్టే నాంచారయ్య అనే జాలరి ఉండేవాడు. అందరూ రేవులో దిగి నడిచి వచ్చేవారు. అతను మాత్రం ఇంటి ముందు ఒడ్డున మనిషెత్తు పెరిగే కిక్కిస గడ్డిని ఏటేటా మొదలంటా పీకేసి, దర్జాగా వాకిట్లో దిగేవాడు.

కాలం మారింది. వాన పడితే కుంభవృష్టి, గాలి వీస్తే తుఫాను. గడ్డి లేని ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడసాగింది. ఒక వానకు పశువుల పాక కొట్టుకుపోయింది. ఇక మిగిలింది ఇల్లే. నాంచారయ్య హడలిపోయి బండరాళ్ళతో గోడ పేర్చి, మీసం మెలేశాడు. అలలు గోడను కొట్టి, దాని అడుగు మట్టినే తోడేశాయి. ఏడాది తిరక్కుండా గోడ బోర్లా పడింది.

"పక్కవాళ్ళ ఒడ్డు చూశావా మావా? కిక్కిస ఉన్నచోట పిడికెడు మన్ను పోలేదు. మనమూ నాటుదాం," అంది భార్య తిరపతమ్మ.

"మరి పడవ ఎక్కడ కట్టనే?"

"రేవులో కట్టు. వాకిట్లోనే కడతానంటే రేపు వాకిలే ఉండదు."

నాంచారయ్య అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఇద్దరూ నీళ్ళలో కర్రలు పాతి, అలల జోరు తగ్గేలా తుమ్మకొమ్మలతో దడి అల్లారు. దాని వెనక కిక్కిస దుబ్బులు నాటారు. పిలకలు లేచాయో లేదో, ఒక సాయంత్రం అతనికి పాత బుద్ధి పుట్టింది. "ఒక్కసారికి ఏమవుతుందిలే," అనుకుని దడిని ఒకచోట పీకి సందు చేసి, పిలకల మీదుగా పడవ తోశాడు. ఆ వారమే వచ్చిన వానకు సరిగ్గా ఆ సందులోంచే నీరు జొరబడి అరుగును కోసేసింది.

నాంచారయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు నడుములోతు నీళ్ళలో దిగి, ఆ సందును తన చేత్తోనే పూడ్చి మళ్ళీ నాటాడు. ఆనాటి నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని రేవు నుంచి నడిచొచ్చేవాడు. "ఏం బాబాయ్, ఇన్నాళ్ళకి కాళ్ళు గుర్తొచ్చాయా?" అని కుర్రాళ్ళు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు.

కిక్కిస దట్టంగా అల్లుకున్నాక, ఎన్నడూ ఎరగనంత పెద్ద తుఫాను వచ్చింది. నాంచారయ్య ఇల్లు పోయినట్టేనని లంకంతా అనుకుంది. తెల్లారి చూస్తే కిక్కిస వంగి ఉంది గానీ, మట్టి ఇసుమంతైనా కదల్లేదు. పైగా అలలు తెచ్చిన ఒండ్రు వేళ్ళ మధ్య పేరుకుని ఒడ్డు జానెడు ముందుకు జరిగింది. తిరపతమ్మ ఆ కొత్త నేల మీద నిలబడి పకపకా నవ్వింది. నాంచారయ్య ఆనందం పట్టలేక, ఒడ్డు కోతపడి పక్క లంకల నుంచి దుబ్బులు అడగడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తనే తవ్వి ఇచ్చి, వాళ్ళ ఒడ్డున నాటి మరీ వచ్చాడు.

కాబట్టి పిల్లలూ, మన సుఖం కోసం ప్రకృతి పెట్టిన కాపలాను తీసేయకూడదు. తీసేసి ఉంటే, ఓపికగా దాన్ని మళ్ళీ పెంచుకోవడమే మనకు రక్ష.