మొదటి చరణంలో మొసలి పేరు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో బియ్యం సంచిలో కనిపిస్తాయి గాని వరి గట్టు పక్కన కనిపించదు. అందుకే ఈ కథ మీ దాకా రాలేదు. తూర్పు సముద్రంలో ఫిలిప్పీన్స్ దీవులున్నాయి. వాటిలో ఒక చిన్న దీవిది ఈ కథ. నిదానంగా వినండి.

ఆ దీవిలో ఒకటే కొండ. కొండ నెత్తిన మడుగు, దాని కింద సముద్రం దాకా మెట్లుమెట్లుగా వరిమడులు. తొలకరికి జంతువులన్నీ చేరి, పాట పాడుకుంటూ గట్లు వేసుకునేవి. చరణానికొక పేరు. ఎవరి పేరు వస్తే వాళ్లు వెళ్లి తమ గట్టు మీద మట్టిపెళ్ల పెట్టాలి. పెట్టేదాకా తర్వాతి చరణం ఎత్తకూడదు. మొదటి చరణం అన్నిటికన్నా కిందిదైన సముద్రపు గట్టుది.

తర్వాత ఓడల మీద పెద్దబాతులు దిగాయి. "మీ పేర్లకు మాకు నోరు తిరగడం లేదు" అని అందరికీ కొత్త పేర్లు పెట్టాయి. పాట మోటుగా ఉందని మాన్పించాయి. తరాలు గడిచాక వెళ్లిపోతూ, తమ కొలనులో పెంచుకున్న మొసలికి దీవిని అప్పగించాయి. వాడి పేరు దొన్ సెబాస్తియన్.

"నేను మీవాణ్ణే! ఈ మట్టిలోనే పుట్టాను!" అన్నాడు మొసలి. అందరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ మర్నాడే వాడు మడుగులో తూముకు అడ్డంగా పడుకున్నాడు. చేపలు తెచ్చినవాళ్ల మడికి కాస్త జరిగి నీళ్లు వదిలేవాడు. తేలేనివాళ్ల మడి నెర్రెలిచ్చేది. బతకలేక పడుచు జంతువులన్నీ దుంగల మీద పరాయి దీవులకు కూలికి పోయాయి. తాలా అని ఒక పిచ్చుక ఉండేది. దాని పిల్లలూ అలాగే పోయారు.

పాట మొత్తం గుర్తున్నది ఇక తాలా ఒక్కదానికే. రోజూ గొంతులోనే పాడుకునేది. పిల్లల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది.

ఒకనాడు మొసలి కబురు పెట్టాడు.

"ఏమే పిట్టా, నీకేదో పాట వచ్చటగా?"

"పాతది, దొరగారూ. మోటు పాట."

"మోటైతేనేం, మనది కదా! పండక్కి బాతుదొరలు వస్తున్నారు. వాళ్ల ముందు మన జాతి పాట పాడాలి. అందులో నా పేరుండాలి."

తాలాకు ఒళ్లు మండింది. కాదందామని నోరు తెరిచి, ఆగింది. "ఎక్కడ పెట్టమంటారు?"

"మొదటి చరణంలో! నాకంటే ముందు ఇంకెవరుంటారే?"

మొదటి చరణమంటే మడుగుకు అన్నిటికన్నా దూరమైన సముద్రపు గట్టని తాలాకు తెలుసు. అయినా మోసం చేశానన్న మాట తనకు మిగలకూడదు. "ఆ పాటకో ఆచారం ఉంది, చెప్పమంటారా?" అంది.

"నాకు నువ్వు చెప్పాలా? నేనీ మట్టిలో పుట్టలేదూ?"

సంగతి విని ముసలి దున్న అంబోయ్ కొమ్ములు విసిరాడు. "సిగ్గు లేదూ నీకు? మన అమ్మలు పాడిన పాటలో ఆ తిండిపోతు పేరా!"

"అన్నా, అది పనిపాట. మరిచిపోయావా? నీ మందను తూము దగ్గర నిలబెట్టు, చాలు."

అంబోయ్ నెమరు ఆపి ఆమె వంక చూశాడు. మందను పిలవడానికి కదిలాడు.

పండగనాడు మడుగు ఒడ్డున బాతులు వరసగా కూర్చున్నాయి. తాలా ఎత్తుకుంది:

"అలలు తాకే గట్టు మీద తొలి మట్టి ఎవరిదమ్మా?
మా దొరది, మా దొన్ సెబాస్తియన్‌ది!"

మొసలి హాయిగా కళ్లు మూసుకున్నాడు. పాట ఆగింది. ఎవరూ కదల్లేదు.

"ఆపేశారేం?" అని బాతులు మెడలు చాచాయి.

"కానీవే పిట్టా!"

"తమరు మట్టి పెట్టాలి కదా, దొరగారూ."

మొసలి తెల్లబోయాడు.

"పరాయివాళ్లకైతే తెలియకపోవచ్చు. మన దొర ఈ మట్టిలో పుట్టినవాడాయె!" అంది వెనక నుంచి ముసలి ఉడుము. ఎవరూ నవ్వలేదు.

బాతులు చూస్తున్నాయి. మొసలి మట్టిపెళ్ల నోట కరుచుకుని, పొట్ట ఈడ్చుకుంటూ మడి వెంట మడి దిగాడు. తూము తెరుచుకుంది. నీళ్లు వాడి వెనకే బయల్దేరాయి.

ఎండకు తోలు బీటలువారి, రొప్పుతూ పైకి వచ్చేసరికి తూములో దున్నలు భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల సందుల్లోంచి నీళ్లు పోతున్నాయి.

"లేవండ్రా! అది నా చోటు!"

"నీ చోటు పాటలో ఉంది దొరా, సముద్రపు గట్టు మీద. నువ్వే అడిగావు, అందరం విన్నాం" అన్నాడు అంబోయ్.

మొసలి బాతుల వైపు తిరిగాడు. అవి ఓడకు ఆలస్యమవుతోందంటూ లేచాయి. వాడూ వాటి వెంటే కిందికి జారుకున్నాడు.

తాలా రెండో చరణం ఎత్తింది. పాత పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. తన పిల్లల పేర్ల దగ్గర మళ్లీ ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె ముక్కుతో రవ్వంత మట్టి తీసుకుని, ఖాళీగా ఉన్న వాళ్ల గట్టు మీద పెట్టి వచ్చింది. అది చూసి మిగతా తల్లులూ లేచారు. ఆ రోజు పాట పొద్దుగూకేదాకా సాగింది.

ఏలేవాడు పాటలో పేరు అడిగితే, ముందు వాడి చేతికి మట్టి ఇవ్వండి.

పిల్లలూ, దీన్ని మీ తర్వాతివాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు, దూరంగా ఉన్నవాళ్ల పేర్ల దగ్గర కాసేపు ఆగండి.