తుమ్మముల్లు

కృష్ణ ఒడ్డున ఒక కొండ మీద బౌద్ధ విహారం ఉండేది. అక్కడి ఆరోగ్యశాలకు నాగదత్తుడనే యువభిక్షువు వైద్యుడు. పదకొండేళ్ళు వైద్యగ్రంథాలు చదివాడు. ఏ వేరు ఏ రోగానికి పనికొస్తుందో తాటాకు తిప్పకుండా చెప్పేవాడు. గురువు భద్రసేనుడే అందరి ముందూ అతనికి ఆ పదవి ఇచ్చాడు.

కానీ కొండెక్కి వచ్చిన రోగులు నేరుగా రేవడి దగ్గరికి వెళ్ళేవారు. రేవడు ఆరోగ్యశాల ఊడ్చే ముసలివాడు. అక్షరం ముక్క రాదు. నాగదత్తుడు అరుగు మీద కూర్చుని మందు చెబితే, పుండు కడిగేదీ, కట్టు కట్టేదీ, వాంతులు ఎత్తిపోసేదీ రేవడే.

ఒకరోజు ఒక పడవవాడు అందరి ముందూ రేవడికి దండం పెట్టి, "మా వైద్యుడు చల్లగా ఉండాలి" అన్నాడు. నాగదత్తుడి ముఖం కందిపోయింది. తిన్నగా గురువు దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, వైద్యుణ్ణి నేను. రేవడు ఊడ్చేవాడు. ఎవరిని ఏమని పిలవాలో మీరే అందరికీ చెప్పాలి."

"నిజమే, పేరొకటీ పనొకటీ కాకూడదు," అన్నాడు గురువు. "రేపు రేవణ్ణి ఊళ్ళోకి పంపిద్దాం. అతను కూతుర్ని చూసి చాలా రోజులైంది."

మర్నాడు పొద్దున్నే గురువు కుంటుకుంటూ ఆరోగ్యశాలకు వచ్చాడు. అరికాల్లో తుమ్మముల్లు దిగి మూడు రోజులైంది. చుట్టూ చీము పట్టింది. అరుగు మీద కూర్చుని, పాదం నాగదత్తుడి ఒడిలో పెట్టాడు.

"వైద్యుడా, తీయి."

నీళ్ళు ఎంత కాగాలో, కత్తి ఎంత సన్నగా ఉండాలో, ఆపైన ఏ ఆకు నూరి పెట్టాలో నాగదత్తుడు గడగడా చెప్పాడు.

"విన్నాను. ఇక తీయి."

చీము వాసనకు నాగదత్తుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "సాయంత్రానికి రేవడు వచ్చేస్తాడు, భంతే..."

"రేవడు ఊడ్చేవాడు కదా నాయనా." ఆ గొంతులో ఎగతాళి లేదు.

నాగదత్తుడు నీళ్ళు కాచాడు. కత్తి తీసుకున్నాడు. మొదటి గాటు పక్కన పడి నెత్తురు కారింది. గురువు అరుగు అంచు గట్టిగా పట్టుకున్నాడు గానీ పాదం వెనక్కి లాక్కోలేదు. రెండోసారి ముల్లు లోపలే విరిగింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. కానివ్వు."

మూడోసారి చేయి కాస్త కుదిరింది. విరిగిన ముల్లు వేలికి తగిలింది. ఊపిరి బిగబట్టి లాగేశాడు. గాయం తనే కడిగాడు. కట్టు వదులైతే విప్పి మళ్ళీ కట్టాడు. అప్పటికి ఎండ వాకిట్లోకి వచ్చింది.

"భంతే, ఈ పదవికి నేను తగను," అన్నాడు తల దించుకుని. "రేవడికి ఇచ్చేయండి."

"అతనికి ఊరే ఇచ్చుకుంది. నేను నీకిచ్చింది మాత్రం వదిలెయ్యకు. దాన్ని అందుకునేలా ఎదుగు."

సాయంత్రం రేవడు కొండెక్కేసరికి, నాగదత్తుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"తాతా, రేపటినుంచి పుండ్లు నేను కడుగుతాను. నువ్వు పక్కన కూర్చుని తప్పులు చెప్పు."

రేవడు అతని రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూశాడు.

"ముందు ఆ గోళ్ళు తీసుకో సామీ," అన్నాడు.